బాగునగరములో నింటివాకిలి

గడచిన శ్రావణమున మా యింట నొక కాగితమును గూర్చి నాలుగు దినములు చర్చ జరిగినది. మా యిల్లు శాలిబండలో నున్నది, తాతగారి నాటిది. రాతిగోడలు, డంగుసున్నపు గచ్చు, నాలుగు దిక్కుల అర్రలు, నడుమ ఆకాశమునకు తెరచియుంచిన వాకిలి. అన్నదమ్ములము మువ్వురము, పిల్లలు పెద్దవారైరి, అర్రలు చాలుట లేదు. మా చిన్నతమ్ముడు ఇంజనీరుచేత నొక నక్షా గీయించి తెచ్చెను. అందు వాకిలిపై స్లాబు పడినది. ఆ చోటున రెండు పడకగదులు, ఒక హాలు లేచినవి. చోటు లెక్క కుదిరినది, సొమ్ము లెక్కయు కుదిరినది. మా అమ్మ ఆ కాగితమును తలక్రిందుగా పట్టుకొని చాలసేపు చూచి, "తులసమ్మ నేడ పెడ్తరు బిడ్డా?" అని మాత్ర మడిగినది. మువ్వురిలో నొక్కరమును జవాబు చెప్పలేకపోతిమి.

నేను బడిపంతులును. జవాబు తెలియని ప్రశ్న వచ్చినప్పుడు పుస్తకములు తిరుగవేయుట నా వృత్తిదోషము. కావున మా యింటి నక్షా సంగతి కొంతకాలము పక్కనబెట్టి, ఈ వాకిలి మన పట్టణమున కెట్లు వచ్చినది, ఎట్లు పోవుచున్నది అను చరిత్రను వెదకితిని. ఆ వెదకులాటలో నాకు దొరకినదానిని చదువరుల ముందుంచుచున్నాను. నా ప్రశ్నవంటిది వారిలో ననేకుల యిండ్లను నేడు జరుగుచునే యుండును.

అమరకోశము చదివినవారికి 'నిష్కుటము' అను మాట తెలియును. ఇంటి నంటియుండు తోట కది పేరు. వనౌషధి వర్గమున అమరసింహుడు అడవికిని, మహారణ్యమునకును పేర్లు చెప్పి, వెంటనే యీ యింటితోటను చెప్పెను. అడవి ప్రక్కనే పెరడు! బాల్యమున దానిని వల్లించునప్పుడు ఛందస్సు కుదురుటకై యట్లు పెట్టెననుకొంటిని. ఇప్పుడట్లు తోచదు. మనుష్యుడు అడవిని కొట్టి యిల్లు కట్టుకొనినప్పుడు, అందులో నొక ముక్కను ఇంటిలోనే యుంచుకొనెనని ఆ పదక్రమమే తెలుపుచున్నట్లున్నది.

ఇక మన పట్టణము. గోలకొండ కోటలో జనము క్రిక్కిరిసి, నీటికిని గాలికిని కటకటపడుటచే 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా మూసీనదికి దక్షిణమున క్రొత్తనగరమును నిర్మింపజేసెను. ఇరాను దేశమునందలి అస్తరాబాదునుండి వచ్చిన మీర్ మోమిన్ అను పండితమంత్రి ఆ నిర్మాణమునకు ముఖ్యుడు. నట్టనడుమ చార్మినారు, అక్కడనుండి నాలుగు దిక్కులకు నాలుగు రాజవీథులు. పారసీకులు తమ తోటలను నాలుగు మడులుగా విభజించు పద్ధతికిని దీనికిని పోలిక కనబడును. పదునేడవ శతాబ్దమధ్యమున వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే యీ పురమును బాగ్‌నగరమనియే పిలిచెను. రాజభవనముల మిద్దెలపై తోటలున్నవనియు, ఆ మిద్దెల క్రింది కమానులు అంతలేసి చెట్ల బరువు నెట్లు మోయుచున్నవో యనియు అతడాశ్చర్యపడెను. బాగు అనగా తోట గనుక ఇది తోటల నగరమని హారూన్‌ఖాన్ షేర్వానీవంటి చరిత్రకారులు వాదించిరి. భాగమతి పేరిట భాగ్యనగరమని మరికొందరి వాదము. ఈ తగవులో తీర్పు చెప్పు శక్తి నాకు లేదు. పట్టణమున పేటల పేళ్లు మాత్రము వినుడు: జాంబాగు, బషీర్‌బాగు, మూసారాంబాగు, సీతారాంబాగు. నదికీవల చూతమన్న, హరిబౌలి, దూద్‌బౌలి. బాగు తోట, బౌలి బావి. తోటయు బావియు పోయినను పేళ్లు మాత్రము బస్సులపై తిరుగుచున్నవి.

నవాబుల దేవిడీలలో వాకిళ్లు రెండు మూడుండెడివి. మర్దానా వాకిలిలో హౌజు, దాని చుట్టు గులాబీలు. జనానా వాకిలిలో దానిమ్మ, గోరింట, మల్లె. సామాన్య గృహస్థుని యింట నంతయు నొకటే వాకిలి. మా తెలుగువారి యింట తులసికోట నడుమనుండును, పొరుగున సాయెబుగారి యింట ఆ చోటనే వజూ చేయు తొట్టి యుండును. తక్కిన దంతయు నొక్కటియే. కోస్తావారి మండువా లోగిలిని చూచినవారికిది క్రొత్తగాదు.

ఆ వాకిలి పని చేయు విధమును చెప్పెదను. ఏలయన మా తమ్ముడు దానిని "ఖాళీ జాగా" యని పిలిచెను. రాత్రివేళ గచ్చు తన వేడిని ఆకాశమునకు విడిచి చల్లబడును. చల్లనిగాలి బరువైనది గనుక వాకిలిలో దిగి, తలుపుల గుండ అర్రలలోనికి ప్రాకును. రెండడుగుల రాతిగోడ ఎండకు వేడెక్కుట కొకపూట పట్టును. అది వేడెక్కునప్పటికి ప్రొద్దు వాలును. బియ్యము కడిగిన నీరు కరివేపమొక్కకు పోవును, స్నానపు నీరు అరటి కుదుళ్లకు పోవును. మిద్దెమీది వాన వాకిలిలో పడి, కొంత మన్నులో నింకి, కొంత బావికి చేరును. పసిపిల్ల లందే ప్రాకుదురు. వడియము లందే యెండును. పెండ్లిపందిరి యందే పడును. తుదకు పాడెయు నందే కట్టుదురు. ఇన్ని పనులు చేయుచోటు ఖాళీయని నక్షా చెప్పుచున్నది.

ఐనను పాతదానిని పొగడుటకే కలము పట్టితినని చదువరు లనుకొనరాదు. ఆ వాకిలి గోడలు ఎత్తుగా నుండుటకు గాలి యొక్కటియే కారణము కాదు. మా నాయనమ్మ ఆ యింట నలువది యేండ్లు కాపురము చేసినది. చార్మినారు మా యింటికి కాలినడకను పావుగంట దూరము. ఆమె దానిని తెర కట్టిన బండిలోనుండి చూచినదే కాని, తన కాళ్లపై నిలిచి చూచినట్లెవరును చెప్పరు. ఆమెకు తెలిసిన యాకాశ మంతయు ఆ వాకిలి పరిమాణముననే యుండెను. ఆ కొలత చాలునని నిర్ణయించినవారు ఆమె కాదు. అంతేకాదు: ఇంటిల్లిపాదికిని, చెట్లకును, బట్టలకును దినమునకు నలుబది యేబది చేదల నీటిని ఆమెయు, మా పెద్దమ్మయు తోడెడివారు. పూలవాసన మేమనుభవించితిమి, అరచేతుల కాయలు వారనుభవించిరి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినది. శంషాబాదులో నలువది యెనిమిది గంటలలో దాదాపు పందొమ్మిది అంగుళముల వాన పడినది. ఏటి పరివాహకమున నున్న 788 చెరువులలో 221 తెగినవి. సుమారు పదునైదువేలమంది చనిపోయిరని సాధారణముగా చెప్పబడు లెక్క. వేలకొలది యిండ్లు కొట్టుకొనిపోయినవి. అఫ్జల్‌గంజులో నొక చింతచెట్టెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరట. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి యావరణమున నున్నది. అటుపై 1911లో ప్లేగు వచ్చెను. ఇఱుకుసందులలో, ఎండసోకని అర్రలలో, ఎలుకలతో కలిసి మనుష్యులు చచ్చిరి. వాకిలి యున్న యిండ్లు కొన్నియే యనియు, నగరమున పెక్కుమంది కొక చిన్న యర్ర దప్ప వేరు చోటు లేదనియు అప్పుడు పాలకులకు తెలిసినది. పాతబస్తీని తలచి నేడు నిట్టూర్చు మావంటివారికి ఈ సంగతి తఱచు జ్ఞప్తికి రాదు.

1909లో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు వచ్చిరి. వరదను పైననే పట్టుటకు రెండు జలాశయములను సూచించిరి. మూసీ ఒడ్డులను తోటలుగా దిద్దవలయుననిరి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. 1912లో నేర్పడిన నగరాభివృద్ధి సంఘమునకు 'ఆరాయిష్-ఎ-బల్దా' యని పేరు పెట్టిరి. ఆరాయిష్ అనగా అలంకారము. ఆ సంఘము సందులను వెడల్పు చేసినది, మురికివాడలను తీసి గాలి వెలుతురులుగల యిండ్లను మల్లేపల్లి మొదలగు చోట్ల కట్టించినది, పత్తర్‌గట్టి రాతికమానుల దుకాణపు వరుసను లేపినది. పడగొట్టబడిన గుడిసెలవారందరికిని ఆ క్రొత్తయిండ్లు దక్కినవని నే ననుకొనను. ఐనను, పేదవానికిని ఎండయు గాలియు కావలెనని సర్కారు ఒప్పుకొని దానికి సొమ్ము వెచ్చించుట ఈ నగరమున అది మొదలని చెప్పవచ్చును.

ఇంత చెప్పి ఒక్కమాట యొప్పుకొనవలెను. ఈ చరిత్రలో మా నాయనమ్మ కన్నిటికన్న నుపకరించినది తోటయు గాదు, కమానులు గావు. నల్లా. ఉస్మాన్‌సాగరు నీరు గొట్టముగుండ మా వాకిలికి వచ్చిననాడు ఆమె చేద దించినది. ఆ యొక్క యినుపగొట్టము మా యింటి స్త్రీలకు చేసిన మేలును ఏ సంస్కర్త యుపన్యాసమును చేయలేదు. కాని అదే దినమున బావి కాయుస్సు తీరినది. తోడనిబావి పాచిపట్టును, పాచిపట్టినదానిలో చెత్త పడును, చెత్తపడినదానిని పూడ్చుదురు. బావి పోయిన వెనుక వాకిలిలో మన్నుండుట యెందులకను ప్రశ్న వచ్చును.

తక్కినది త్వరగా జరిగినది. కుటుంబములు విడిపోయినవి, వాకిలి నడుమ గోడ లేచినది. 1970 తరువాత గల్ఫు దేశములకు పోయిన కొడుకులు పంపిన సొమ్ముతో పాతమిద్దె తీసి స్లాబు వేసిరి; వారిని తప్పుపట్ట నెవరితరము? చిన్న యిల్లు నలుగురికి చాలవలెను. దేవిడీలు దుకాణములైనవి. చార్మినారు చెంత నున్న మాల్వాలా ప్యాలెసును, రక్షింపదగిన కట్టడముల పట్టికలో నుండగనే, 2000లో పడగొట్టిరి. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకై చట్టము వచ్చి, ఇండ్లలో ఇంకుడుగుంతలు త్రవ్వుమనినది. వాకిలి యున్ననాడు ఆ పని చట్టము లేకయే జరిగెడిది.

నేనేమి చేసితినో గూడ చెప్పవలెను. మా బావిని పూడ్పించి వాకిలికి సిమెంటు పోయించినవాడను నేనే. 2011లో. దోమలు, జారుడు, పిల్లలు పడుదురను భయము; కారణములు సరియైనవే. అమ్మ కాదన్నది. నేను డెంగీని గూర్చి ఆమెకు పాఠము చెప్పితిని. 2020 అక్టోబరు 13 రాత్రి వాన కురిసినప్పుడు నగరము దక్షిణమున చెరువులు నిండి వాడలు మునిగినవి. అల్ జుబైల్ కాలనీలో వీథులు దినములకొలది నీటిలో నుండెను. శాలిబండ మెట్టప్రదేశము, మాకు వరద రాదు. కాని మా మిద్దెమీది వాన మా వాకిలిలోనే పడి, ఇంకుటకు మన్ను లేక, బయటికి పోవు కాలువ పూడి, మోకాలిలోతు నిలిచి, గడపలు దాటి అర్రలలో ప్రవేశించినది. పాత పెట్టెలో నున్న మా నాయనగారి చేతివ్రాత పుస్తకములు తడిసినవి. రాత్రంతయు మువ్వురము బక్కెట్లతో నీరు బయటకు పోసితిమి. ఆ రాత్రి మా అమ్మ బావిమాట యెత్తలేదు. ఎత్తినను బాగుండెడిది.

ఈ కథ యంతయు తమ్మునికి చెప్పితిని. అతడు శాంతముగా విని, "అన్నా, చరిత్ర బాగున్నది గాని పిల్లగాడు ఎక్కడ పండుకొనవలె?" అనెను. ఆ మాటయు న్యాయమే. రెండువారములు మరల కూర్చుంటిమి. ఇప్పుడు నక్షా మారినది. వీథివైపు అర్రలపై నొక అంతస్తు లేచును. పాతగోడలు ఆ బరువు మోయునని మేస్త్రీయు ఇంజనీరును చూచి చెప్పిరి. వ్యయము తొలి నక్షాకంటె నెక్కువ. దానిలో నా వంతు కొంచెము పెద్దది, అది న్యాయమని నేనే యంటిని. వాకిలి సగమునకు తగ్గినది. పది యడుగులు, పండ్రెండడుగులు. తులసికోట, మల్లె, కరివేప, ఒక దానిమ్మ. ఇంతకు మించి పట్టదు. మిద్దెనీరు గొట్టముగుండ పాతబావిలోనికి దిగును. తమ్ముని భార్య ఉద్యోగము చేయును గనుక, బట్టలుతుకు యంత్రమునకు వాకిలి మూలనే చోటు కావలెనని పట్టుబట్టి సాధించినది.

మొన్న సోమవారము కూలీలు సిమెంటు పగులగొట్టి పూడిక తీయుట మొదలుపెట్టిరి. మూడడుగుల లోతున బావి ఒడ్డురాయి బయటపడినది. చేంత్రాడు ఒరసి ఒరసి దాని యంచున లోతైన గాళ్లు పడియున్నవి. అమ్మ గోడ పట్టుకొని వంగి, ఒక్కొక్క గాడిలో వ్రేలు పెట్టి లెక్కించినది. తొమ్మిది. రాయిని పారవేయక తులసికోట ప్రక్కన నిలుపుమని మేస్త్రీకి చెప్పినది. పిదప నావైపు తిరిగి, నల్లా ఉన్నచోటనే యుండవలెననియు, బావి ఎంత నిండినను ఇంటిలో నొక్క ఆడుదానిచేత చేద పట్టింపరాదనియు, కావలసిన మోటారు పెట్టించుకొనుడనియు గట్టిగా పలికినది.