బాకీ అంటే అప్పేనా?



పోయిన నెల మన సంఘం లెక్కల కాగితంలో ఒక్క మాట వల్ల ఒక కుటుంబం నొచ్చుకుంది. ఆ కాగితం రాసింది మేమే. అందుకే ఈ పెద్ద పోస్టు. కొంచెం ఓపికగా చదవండి.

పిల్లవాడి చదువు సాయం కింద దేశనూరులో ఒక అమ్మకు రెండు విడతలుగా డబ్బు ఇవ్వాలని తీర్మానం చేశాం. మొదటి విడత ఇచ్చాం. రెండోది ఇవ్వాల్సి ఉంది. ఆమె పేరు ఎదురుగా ‘బాకీ రూ. 4,000’ అని రాశాం. అంటే సంఘం ఆమెకు ఇంకా ఇవ్వవలసింది అని మా ఉద్దేశం. చదివినవాళ్ళు మాత్రం ఆమే సంఘానికి అప్పుపడిందని అనుకున్నారు. ‘సంఘానికి కూడా బాకీ పెట్టినావా?’ అని ఎవరో నలుగురిలో అడిగినారంట. ఆ తర్వాత ఆమె మీటింగుకు రాలేదు.

మేము చదువుకున్నది తమిళ మీడియంలో. నాన్నగారిది రైల్వే ఉద్యోగం, మా బడి అరవదేశంలోనే గడిచింది. అక్కడ ఈ మాటను ‘ప’ అక్షరంతో రాసి ‘బాక్కి’ అని పలుకుతారు. పది ఇడ్లీల్లో మూడు తింటే బాక్కి ఏడు. సగం కథ చెప్పి, బాక్కి రేపు చెప్తా అంటారు. కట్టని అద్దె కూడా బాక్కియే. అంటే మిగిలినది ఏదైనా సరే. కన్నడంలోనూ ‘బాకి’ అంటే మిగిలినదీ, రావలసినదీ రెండూ. తెలుగులో అట్లా కాదు. బాకీ పడ్డాడు, బాకీ తీర్చాడు, బాకీదారు అంటాం, అంతా అప్పే. ‘ఇంకా పని బాకీ ఉంది’ అన్నప్పుడు మాత్రం పాత అర్థం తొంగిచూస్తుంది.

పాత అర్థం అనడానికి కారణముంది. ఇది అరబ్బీ మాట. దాని మూలానికి మిగలడం, నిలిచి ఉండడం అని అర్థం. ముస్లిం సోదరులు దేవుణ్ణి ‘అల్ బాకీ’ అని తలిచేది కూడా ఎప్పటికీ నిలిచి ఉండేవాడు అనే భావంతోనే. పారశీకం రాజభాషగా ఉన్న కాలంలో ఈ మాట మన శిస్తు లెక్కల్లోకి వచ్చింది. ఆ లెక్కకు ‘జమా వాసిల్ బాకీ’ అని పేరు. జమా అంటే రావలసిన మొత్తం, వాసిల్ అంటే వసూలైనది, బాకీ అంటే మిగిలినది.

మాకు తోచిన సంగతి ఇక్కడే ఉంది. సర్కారు వైపు నుంచి చూస్తే అది లెక్కలో మిగులు. రైతు వైపు నుంచి చూస్తే నెత్తిమీద అప్పు. కరణం చదివే లెక్కలో ఆ మాట విన్న రైతుకు ‘మిగులు’ అనే అర్థం ఎట్లా గుర్తుంటుంది?

మన బళ్ళారి సీమను 1800లో నిజాం కంపెనీవాళ్ళకు అప్పగించాడు. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరు. పొలాలు కొలిపించి, రైతు రైతుకూ విడిగా శిస్తు కట్టించాడు. అయినా ఒక రైతు కట్టలేకపోతే ఆ లోటును కొంతమేర ఊళ్ళోని మిగతా రైతుల మీద వేసే పద్ధతి ఉండేది. ఒకరి బాకీ నలుగురికీ తగిలేది. అందుకేనేమో ఆ మాటలో ఇప్పటికీ అవమానం ఉంది.

కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ ఇట్లాంటి కచేరీ మాటల కోసమే 1852లో జిల్లా నిఘంటువు, 1854లో తెలుగులో కలిసిన అన్యదేశ్యాల నిఘంటువు అచ్చు వేయించాడు. కచేరీ మాటలు తెలియకపోతే జనానికీ అధికారికీ ఇద్దరికీ కష్టమని ఆయనకు తెలుసు.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. సిరుగుప్పతో పాటు మనం మైసూరు రాష్ట్రంలో చేరాం. తుంగభద్ర నీళ్ళు వచ్చాక కోస్తా రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. ఇట్లా ఇన్ని చోట్ల మాటలు కలిసిన సంఘం మనది. చేతిలో ఉన్న సొమ్మును తెలుగువాళ్ళు నిలవ అంటారు, తమిళులు ఇరుప్పు అంటారు, కన్నడిగులు శిల్కు అంటారు. అందరిదీ ఒకటే డబ్బు.

రైల్వేలో మేము స్టేషన్ బ్యాలెన్స్ షీటు రాసేటప్పుడు డెబిట్ ఒక వైపు, క్రెడిట్ ఒక వైపు ఉండేవి. ఎవరు ఎవరికి ఇవ్వాలో అంకె ఉన్న చోటే చెప్పేది. సంఘం కాగితంలో ఆ గడులు మేము గీయలేదు. ఒక్క మాటతో సరిపెట్టాం. తప్పు మాది.

అధ్యక్షులవారితో కలిసి ఆ అమ్మ ఇంటికి పోయి క్షమాపణ చెప్పి, రెండో విడత ఇచ్చి వచ్చాం. ‘డబ్బు సంగతి కాదన్నా, పేరు సంగతి’ అన్నదామె. మేము మారు మాట్లాడలేకపోయాం.

ఇకమీదట మన లెక్కల్లో మూడు గడులు పెడదామని మా మనవి: నిలవ, సంఘానికి రావలసినది, సంఘం ఇవ్వవలసినది. ‘బాకీ’ అనే మాట వద్దు. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడతాం. ఆ అమ్మను అడిగిన పెద్దమనిషి కూడా వచ్చి ఒక్క మంచి మాట చెబితే, ఈ లెక్క పూర్తిగా తీరుతుంది.

మా తెలుగులో తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.