ఇరువురు ముల్లరులు

మా నందిగామునకుఁ జేరువనున్న భావనపాడు తీరపు టిసుకలో మోనజైటు కలదు. అందలి థోరియము సహజముగాఁ గిరణములను వెలువరించును. ఉద్దానపు తోటలలోనో, మనము పురుగుమందులు చల్లుచున్నాము. ఈ రెంటి చరిత్రమును మనవి చేసెదను.

1927లో హెర్మన్ ముల్లరు ఎక్సుకిరణములు ఈగల సంతతిని మార్చునని నిరూపించెను. 1939లో పాల్ ముల్లరు డి.డి.టి. పురుగులఁ జంపునని కనుగొనెను. వారికి 1946, 1948 సంవత్సరములలో నోబెలు బహుమానములు లభించెను. 1962లో రేచెల్ కార్సను కిరణమును రసాయనమును వేఱువేఱుగాఁ దలంపరాదని హెచ్చరించెను.

కారణము వినుఁడు. కిరణము జీవకణమందలి వంశసూత్రమును దెంచును. తెగిన పీచుత్రాటిని మనము ముడివేసినట్లు, కణమును దానిని అతుకుకొనును. పారాక్వాటు వంటి మందు కణముయొక్క రక్షణద్రవ్యములను హరించును. చేతులు డస్సినవాఁడు త్రాడు ముడివేయఁజాలునా? అట్టి కణము స్వల్పకిరణమునకే లొంగవచ్చును.

ఉద్దానపు మూత్రపిండవ్యాధికి ఇసుకయో, మందో కారణమని నిర్ణయము కాలేదు. తొందరపడి నింద మోపరాదు. ఎండోసల్ఫానును 2011లో సుప్రీంకోర్టు నిషేధించినది. నిర్ణయమగువఱకు వేచియుండక, మందు చల్లు బిడ్డల ముక్కునకు గుడ్డ కట్టించుట, మందుడబ్బాను నూతికి దూరముగా నుంచుట పెద్దలమైన మన విధి.