థరోబ్రెడ్ గుర్రాలలో అరుదైన రంగుల ప్రజననం

థరోబ్రెడ్ గుర్రాలలో అరుదైన రంగుల ప్రజననం అనగా పందెపు గుర్రాల జాతియైన థరోబ్రెడ్‌లో సాధారణంగా కనిపించని మేని రంగులు గల పిల్లలను పొందడానికి తల్లిదండ్రులను ఎంచి జతకట్టించే పద్ధతి. తెలుపు, పాలోమినో (బంగారు వన్నె మేను, తెల్లని జూలు), పెద్ద తెల్ల మచ్చలు ఇటువంటి రంగులలో ముఖ్యమైనవి. థరోబ్రెడ్‌లను సుమారు మూడు శతాబ్దాలుగా ప్రధానంగా వేగం కొరకే పెంచుతున్నారు. అందువలన రంగు కొరకు చేసే ప్రజననం ఈ జాతిలో చిన్న పాయగానే మిగిలి, వివాదాలకు కూడా తావిచ్చింది.

నేపథ్యం

థరోబ్రెడ్ జాతి 17, 18 శతాబ్దాలలో ఇంగ్లండులో రూపుదిద్దుకున్నది. నేటి థరోబ్రెడ్‌లన్నిటి పితృవంశము బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు మగ గుర్రాలకు చేరుతుంది. వీటి వంశావళిని నమోదు చేసే 'జనరల్ స్టడ్ బుక్' తొలి రూపం 1791లో వెలువడింది.

రంగుల ప్రజననానికి ఈ జాతిలో రెండు నియమాలు హద్దులు గీస్తున్నాయి. మొదటిది, తల్లి, తండ్రి ఇరువురూ నమోదైన థరోబ్రెడ్‌లే కావలెను. కనుక ఇతర జాతులలో విరివిగా ఉన్న రంగులను సంకరం ద్వారా తెచ్చుకొనే వీలు లేదు. రెండవది, సహజ సంపర్కం ద్వారా కలిగిన పిల్లకే నమోదు లభిస్తుంది. కృత్రిమ గర్భధారణ, పిండ మార్పిడి నిషిద్ధం. ఆడ గుర్రపు గర్భకాలం సుమారు 11 నెలలు, సాధారణంగా ఒక కాన్పుకు ఒకే పిల్ల. ఈ కారణాల వలన ఒక అరుదైన రంగును వంశంలో నిలబెట్టడానికి దశాబ్దాలు పడుతుంది.

నమోదయ్యే రంగులు

అమెరికాలోని జాకీ క్లబ్ ఈ క్రింది ఏడు రంగులను గుర్తిస్తుంది.

* బే: ఎర్ర గోధుమ మేను, నల్లని జూలు, తోక, కాళ్ళ క్రింది భాగాలు
* డార్క్ బే లేదా బ్రౌన్
* చెస్ట్‌నట్: జూలుతో సహా ఒళ్ళంతా ఎరుపు లేదా రాగి వన్నె
* బ్లాక్
* గ్రే లేదా రోన్
* పాలోమినో
* వైట్ (తెలుపు)

జపానులో గుర్తించే ఎనిమిది రంగులలో తెలుపు కూడా ఒకటి. ఎక్కువ థరోబ్రెడ్‌లు బే, డార్క్ బే, చెస్ట్‌నట్ రంగులలోనే ఉంటాయి.

రంగుల జన్యుశాస్త్రం

మూల వర్ణాలు: ఎంసీ1ఆర్ అనే జన్యువు నల్లని వర్ణద్రవ్యం తయారవుతుందో లేదో నిర్ణయిస్తుంది. దీని అంతర్గత రూపం రెండు ప్రతులుగా వస్తే గుర్రం చెస్ట్‌నట్ అవుతుంది. ఏఎస్ఐపీ అనే జన్యువు నలుపును జూలు, తోక, కాళ్ళకు పరిమితం చేస్తే బే, చేయకపోతే బ్లాక్ ఏర్పడతాయి.

గ్రే: ఎస్‌టీఎక్స్17 జన్యువులో ఒక భాగం రెట్టింపు కావడం దీనికి కారణమని 2008లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఇది బహిర్గత లక్షణం. గ్రే గుర్రం ముదురు రంగుతో పుట్టి, ఏళ్ళు గడిచే కొద్దీ తెల్లబడుతుంది. దాని చర్మం మాత్రం నల్లగానే ఉంటుంది. తల్లిదండ్రులలో కనీసం ఒకరు గ్రే కానిదే పిల్ల గ్రే కాదు.

తెలుపు: తెల్ల గుర్రం పుట్టుకతోనే తెలుపు, చర్మం గులాబీ రంగు, కళ్ళు సాధారణంగా ముదురు రంగు. దీనిని గ్రేతో గానీ బొల్లి గుర్రంతో గానీ పొరబడరాదు. కిట్ అనే జన్యువులో కలిగే ఉత్పరివర్తనాలు దీనికి మూలం. ఇటువంటివి అన్ని జాతులలో కలిపి 30కి పైగా గుర్తించబడ్డాయి. రంగు గల తల్లిదండ్రులకు కూడా కొత్త ఉత్పరివర్తనం వలన అకస్మాత్తుగా తెల్ల పిల్ల పుట్టవచ్చు. అటుపై ఆ తెల్ల గుర్రాన్ని రంగు గుర్రంతో జతకట్టిస్తే తెల్ల పిల్ల పుట్టే అవకాశం సగానికి సగం.

పాలోమినో: చెస్ట్‌నట్ గుర్రానికి క్రీమ్ జన్యువు ఒక ప్రతి లభిస్తే ఈ రంగు వస్తుంది. రెండు ప్రతులు లభిస్తే మీగడ వన్నె మేను, నీలి కళ్ళు గల క్రెమెల్లో అవుతుంది. థరోబ్రెడ్‌లలో క్రీమ్ జన్యువు మిక్కిలి అరుదు.

చరిత్ర

గ్రే పునరుద్ధరణ

నేటి గ్రే థరోబ్రెడ్‌ల రంగు ముఖ్యంగా 18వ శతాబ్దపు ఆల్కాక్ అరేబియన్ నుండి వచ్చినదని చెబుతారు. 19వ శతాబ్దంలో ఈ రంగు ఇంగ్లండులో బాగా తగ్గిపోయింది. ఫ్రాన్సు నుండి ఐర్లండుకు తెచ్చిన రాయ్ హెరోడ్ అనే గ్రే గుర్రానికి 1911లో ద టెట్రార్క్ జన్మించింది. బూడిద రంగు మేనిపై తెల్లని మచ్చలు గల ఈ గుర్రం 1913లో పాల్గొన్న 7 పందేలనూ గెలిచింది. దాని కూతురు ముంతాజ్ మహల్ (జననం 1921), ఆమె మనుమడు, 1936 డెర్బీ విజేతయైన మహమూద్ ద్వారా గ్రే రంగు మరల విస్తరించింది. రంగు కొరకు గాక గెలుపు కొరకు ఎంచుకున్న గుర్రాలే ఒక రంగును కాపాడడం ఇక్కడ గమనించదగ్గ విషయం.

అమెరికాలో తెల్ల గుర్రాలు

1963లో కెంటకీ రాష్ట్రంలో కెవై కర్నల్ అనే చెస్ట్‌నట్ గుర్రానికి వైట్ బ్యూటీ అనే ఆడపిల్ల పుట్టింది. అమెరికా జాకీ క్లబ్ తెలుపుగా నమోదు చేసిన తొలి గుర్రాలలో ఇది ఒకటి. కెంటకీలోని ప్యాచెన్ విల్క్స్ క్షేత్రంలో ఈ వంశాన్ని తరతరాలుగా కొనసాగించారు. 1995లో పుట్టిన ప్యాచెన్ బ్యూటీ ఈ వంశానిదే.

జపానులో షిరాయుకిహిమె వంశం

1996లో ప్రసిద్ధ జనకుడు సండే సైలెన్స్‌కు, వేవ్ విండ్ అనే బే రంగు ఆడ గుర్రానికి షిరాయుకిహిమె అనే తెల్ల ఆడపిల్ల పుట్టింది. ఇది పందేలలో ఒక్కటీ గెలవలేదు. అయినను దీనిని మేటి మగ గుర్రాలతో జతకట్టించారు. దీని కూతురు యుకిచాన్ 2008లో కాంటో ఓక్స్ గెలిచింది. మరొక కూతురు బుచికోకు, కురోఫునె అనే గ్రే గుర్రానికి 2018లో సొడాషి జన్మించింది. స్వచ్ఛత, కాంతి అనే అర్థంలో ఈ పేరును సంస్కృతం నుండి గ్రహించారు. 2020లో హాన్షిన్ జువెనైల్ ఫిల్లీస్ గెలిచి, గ్రేడ్-1 పందెం నెగ్గిన తొలి తెల్ల గుర్రంగా సొడాషి చరిత్రకెక్కింది. 2021లో క్లాసిక్ పందెమైన ఓకా షోను, 2022లో విక్టోరియా మైల్‌ను గెలిచింది. మొత్తం 16 పందేలలో 7 విజయాలతో 2023లో విరమించింది.

రంగు, వేగం

తెల్ల గుర్రం పరుగెత్తలేదని గానీ, ఫలానా రంగు గుర్రం వేగవంతమని గానీ చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదు. గుర్రానికి 32 జతల క్రోమోజోములు ఉన్నాయి. తెలుపుకు కారణమైన కిట్ జన్యువు 3వ క్రోమోజోముపై ఉండగా, పందెపు దూరానికి అనుకూలతతో సంబంధం ఉన్నట్లు 2010లో గుర్తించిన మయోస్టాటిన్ జన్యువు 18వ క్రోమోజోముపై ఉన్నది. ఇవి ఒకదానితో ఒకటి నిమిత్తం లేకుండా సంక్రమిస్తాయి.

దీనికి చక్కని ఉదాహరణ సొడాషి సొంత చెల్లెలు మామా కోచా. ఒకే తల్లిదండ్రులకు పుట్టినా దీనికి తెలుపు రాలేదు. బే రంగు వచ్చింది. అయినను 2023లో గ్రేడ్-1 పందెమైన స్ప్రింటర్స్ స్టేక్స్‌ను గెలిచింది. అక్కచెల్లెళ్ళ విజయానికి మూలం వారి వంశబలమే గాని రంగు కాదని దీనివలన తెలుస్తున్నది.

ఆరోగ్య సమస్యలు

* గ్రే గుర్రాలలో చర్మపు కణుతులు (మెలనోమా) ఎక్కువ. 15 ఏళ్ళు దాటిన వాటిలో 70 శాతానికి పైగా వీటి బారిన పడతాయి.
* తెల్ల గుర్రాల గులాబీ చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది.
* కిట్ జన్యువులోని కొన్ని ఉత్పరివర్తనాలు రెండు ప్రతులుగా సంక్రమించిన పిండాలు పుట్టకముందే నశిస్తాయని భావిస్తారు. అందుచేత రెండు తెల్ల గుర్రాలను జతకట్టించడం శ్రేయస్కరం కాదు.
* ఫ్రేమ్ అనే మచ్చల లక్షణం థరోబ్రెడ్‌లలో చాలా అరుదు. ఈ లక్షణం గల రెండు గుర్రాలను జతకట్టిస్తే నాలుగింట ఒక వంతు అవకాశంతో రెండు ప్రతులు గల పిల్ల పుడుతుంది. అటువంటి పిల్ల తెల్లగా పుట్టినా, ప్రేగులలో నాడీకణాలు లేనందున కొద్ది రోజులలోనే మరణిస్తుంది. జతకట్టించే ముందు జన్యు పరీక్ష చేయించి దీనిని నివారించవచ్చు.

విమర్శ

కోరిన రంగు ఉన్న మగ గుర్రాలు కొద్దిగా మాత్రమే ఉంటాయి. రంగునే ప్రధానంగా చూచినచో ఎముక బలం, కాళ్ళ తీరు, స్వభావం, పరుగు రెండవ స్థానానికి పోతాయి. దగ్గరి బంధుత్వం గల గుర్రాలను జతకట్టించవలసిన పరిస్థితి కూడా ఏర్పడవచ్చు. రంగు పిల్లలకు మంచి ధర పలుకుతున్నప్పుడు, కోరిన రంగు రాని పిల్లల భవిష్యత్తు ఏమిటన్నది మరొక ప్రశ్న. థరోబ్రెడ్‌లను పందేలకే గాక స్వారీ, దూకుడు పోటీలు, ప్రదర్శనలకు కూడా వినియోగిస్తారని, ఆరోగ్యవంతమైన గుర్రానికి అందమైన రంగు అదనపు గుణమే గాని లోపం కాదని సమర్థకులు అంటారు. జపాను అనుభవం ఈ రెండు వాదాలకు మధ్యేమార్గాన్ని చూపుతున్నది: అక్కడ తెల్ల తల్లిని విడువకుండా, తండ్రిని మాత్రం పందెపు యోగ్యతను బట్టియే ఎంచుకున్నారు.

ఇవి కూడా చూడండి

* గుర్రం
* గుర్రపు పందేలు
* జన్యుశాస్త్రం