కాగు ఎవరిది?

ఇంగ్లండులో వుద్యోగం చేసుకుంటున్న మా చిన్నాన్నగారి అబ్బాయి ఆ మధ్య ఫోనులో నన్నొక ప్రశ్న అడిగాడు. అక్కడ ఇంట్లో బీరు కాచుకోవడం చట్టం ఒప్పుకున్న వ్యాపకం. మనవాళ్ళు పెరట్లో కూరపాదులు వేసుకున్నట్టు అక్కడ చాలామంది ఆ పని చేస్తారు. వీడు రెండు నెలలు డబ్బు కూడబెట్టి ఒక స్టీలు యంత్రం కొన్నాడు. నీళ్ళు కాచడం, మాల్టు నానబెట్టడం, వడగట్టి మరిగించడం అన్నీ అందులోనే జరుగుతాయి. మూడుసార్లు కాచాడు. మూడుసార్లూ బీరు తియ్యగా, మందంగా, జావలాగా దిగింది. ఈస్టును అనుమానించాడు. నీళ్ళను అనుమానించాడు. చివరికి తన చేతినే అనుమానించాడు. నాలుగోసారి, ఎవరో చెప్పగా, చితక్కొట్టిన మంచుగడ్డలో మామూలు థర్మామీటరు ఒకటి ముంచి, అది సున్న చూపుతున్నదని రూఢి చేసుకొని, దాన్ని యంత్రంలో పెట్టి చూశాడు. యంత్రం 66 డిగ్రీలని చెబుతున్నచోట థర్మామీటరు 72 అన్నది.

బార్లీ మాల్టును వేడినీళ్ళలో నానబెట్టినప్పుడు గింజలోని పిండి చక్కెరగా మారాలి. దానికి 65 నుంచి 68 డిగ్రీల వేడి అనువైనది. డెబ్బై దాటితే పుట్టే చక్కెరలో చాలాభాగం ఈస్టు తినలేనిది. అది అలాగే మిగిలిపోతుంది. లోపం మనిషిలో లేదు, పనిముట్టులో వుంది. అమ్మినవాళ్ళకు రాస్తే, వచ్చిన పెట్టెలోనే పెట్టి తిప్పి పంపమన్నారట. పెట్టె ఎప్పుడో చెత్తలోకి పోయింది. "అన్నయ్యా, ఇంకోటి కొననా, నేనే తయారు చేసుకోనా?" అన్నాడు.

తెలుగు ఎం.ఏ. చదివి కాలేజీలో వ్యాకరణం చెప్పుకునేవాణ్ణి నాకేం తెలుస్తుంది! అయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. కొనడమా, చేసుకోవడమా అన్నది అభిరుచికి సంబంధించిన ప్రశ్న లాగా కనిపిస్తుంది గాని, దాని వెనక ఏడువందల ఏళ్ళ చరిత్ర వుంది. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో వుండాలన్న తగాదా ఆ చరిత్రలో అడుగడుగునా కనిపిస్తుంది. అభ్యుదయ పత్రికలో బీరు గిన్నెల గోల ఏమిటని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. దూబగుంట ఆడవాళ్ళను మరిచిపోయావా అని నిలదీయవచ్చు. మరిచిపోలేదు. ఆ మాటకు తరువాత వస్తాను.

పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లండు పల్లెల్లో ఏల్ కాచింది ఆడవాళ్ళు. జూడిత్ బెన్నెట్ అనే చరిత్రకారిణి 1996లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంగతిని విస్తారంగా నిరూపించింది. వారి సాధనాలు ఇంట్లో ఎలాగూ వుండే కాగు, గరిటె, తొట్లు, గుడ్డ. వేరే పెట్టుబడి అక్కర్లేదు. ఏల్ నాలుగురోజులకు పులిసి పాడవుతుంది కనుక కాచినావిడ తన ఇంటికి వుంచుకొని మిగిలింది ఇరుగుపొరుగులకు అమ్మేది. వచ్చే వారం ఇంకొకావిడ కాచేది. ఆ తరువాత ఐరోపా ఖండం నుంచి హాప్సు పూలు వచ్చాయి. వాటి చేదు పానీయాన్ని నిలవ వుంచుతుంది. నిలవ వుండేది దూరం పోతుంది. దూరం పోయే సరుకుకు పెద్ద కాగు, పెద్ద పీపా, బండి, అప్పు ఇచ్చే షావుకారు కావాలి. అప్పు పుట్టేది మగవాళ్ళకు. రెండు మూడు వందల ఏళ్ళలో ఆ పని ఆడవాళ్ళ చేతిలోంచి జారిపోయింది. ఎవరూ నిషేధించలేదు. కాగు పెద్దదయింది, అంతే.

పద్దెనిమిదో శతాబ్దంలో పనిముట్ల స్వరూపమే మారింది. మైఖేల్ కూంబ్రూన్ 1762లో బీరు తయారీ మీద రాసిన గ్రంథంలో థర్మామీటరు వాడమని బోధించాడు. 1784లో జాన్ రిచర్డ్సన్ హైడ్రామీటరును బీరు కాచేవారికి అనువుగా మలిచి ప్రచారం చేశాడు. అది తేలే లోతునుబట్టి ద్రవంలో చక్కెర ఎంత వుందో తెలుస్తుంది. అంతకు ముందు కాచేవారు నీటిలో వేలు పెట్టో, ఆవిరి తగ్గి నీటి ముఖం కనిపించేదాకా ఆగో వేడిని అంచనా కట్టేవారు. అదీ ఒక విద్యే. కాని ఆ విద్య వేలితోపాటే పోతుంది, థర్మామీటరు ఎవరికైనా ఒకేమాట చెబుతుంది. ఈ సాధనాలు పెద్ద కంపెనీల లాభాలను పెంచినమాట నిజం. వాటిని తిట్టడం మాత్రం తప్పు. అవి ఎవరి చేతిలోకి పోయాయన్నదే ప్రశ్న. మరో వంద ఏళ్ళలోపే హైడ్రామీటరు పన్ను వసూలుచేసే అధికారి చేతికి వెళ్ళింది.

చేసుకున్న పనిముట్టు పవిత్రమనీ, కొన్నది పాపమనీ అనేవాళ్ళు మనలో వున్నారు. వాళ్ళు డెవను చరిత్ర చదవాలి. ఆపిల్ పళ్ళరసం పులియబెట్టి సైడర్ తాగే ప్రాంతమది. అక్కడి రైతులు, కూలీలు తరతరాలుగా కడుపులో మెలితిప్పే నొప్పితో, పడిపోయిన చేతులతో బాధపడేవారు. పళ్ళరసపు పులుపే కారణమనుకునేవారు. 1767లో జార్జి బేకర్ అనే వైద్యుడు, తానూ డెవనులో పుట్టినవాడే, ఆ సైడరులో సీసం వుందని రసాయన పరీక్షతో చూపాడు. డెవనులో పళ్ళు నలిపే రాతి తొట్ల అతుకులకు సీసం పోసేవారు, కొన్నిచోట్ల తొట్టికే సీసపు రేకు తొడిగేవారు. హియర్‌ఫర్డులోనూ సైడర్ తాగేవారు గాని అక్కడి తొట్లలో సీసం లేదు, ఆ జబ్బూ లేదు. స్థానిక యజమానులూ మతగురువులూ బేకరు మీద విరుచుకుపడ్డారు. తమ వూరి సరుకుకు అప్రతిష్ఠ తెచ్చాడట! ఐనా క్రమంగా సీసం పోయింది, దానితో జబ్బూ పోయింది. ఇంట్లో, వూళ్ళో, నమ్మకంగా చేసుకున్న పనిముట్టే అన్ని తరాలను కాల్చుకు తిన్నది. లోపం కంటికి కనపడేది కాదు. వేరే జిల్లా తొట్టితో పోల్చి చూసినవాడికే కనిపించింది.

కనపడే లోపాన్ని కూడా చూడనక్కర్లేని వాళ్ళుంటారు. 1814 అక్టోబరు 17న లండనులో, టోటెన్‌హామ్ కోర్టు రోడ్డు దగ్గర మ్యూ కంపెనీ వారి బీరు కార్ఖానాలో, 22 అడుగుల ఎత్తున్న చెక్క పీపా చుట్టూ బిగించిన ఇనుప కట్టొకటి జారి పడింది. ఆ కట్టు బరువే 700 పౌన్లు. గుమాస్తా పైవాడికి చెప్పాడు. ఏమీ కాదు, బాగుచేయించమని చీటీ రాయమన్నారు. గుమాస్తా చీటీ రాసి చేత పట్టుకొని వుండగానే పీపా పగిలింది. ఆ తాకిడికి పక్క పీపాలూ పోయాయి. గోడ కూలి, లక్షల లీటర్ల బీరు సెయింట్ గైల్సు పేదల వాడమీద పడింది. ఒక నేలమాళిగలో ఐర్లండు నుంచి వచ్చిన ఓ కుటుంబం, చనిపోయిన రెండేళ్ళ పిల్లవాడి దగ్గర జాగరం చేస్తున్నది. అక్కడే ఐదుగురు పోయారు. మొత్తం ఎనిమిదిమంది. అందరూ ఆడవాళ్ళూ, పిల్లలూ. విచారణలో దుర్ఘటన అని తేల్చారు. ఎవరిదీ తప్పు లేదు. పారిపోయిన బీరుమీద కట్టిన పన్ను, సుమారు 7,250 పౌన్లు, కంపెనీకి తిరిగి ముట్టింది. చచ్చినవాళ్ళ ఇళ్ళకు కంపెనీ నుంచి ఏమీ ముట్టలేదు. మా తమ్ముడి యంత్రం చెడితే మూడు కాపుల బీరు పోయింది. పెద్ద కాగు చెడితే ఎవరు పోతారో ఈ సంఘటన చెబుతుంది.

ఈ నేపథ్యంలోనే విలియం కాబెట్ 1821, 22 సంవత్సరాలలో 'కాటేజ్ ఎకానమీ'ని భాగాలుగా వెలువరించాడు. కూలివాడు రొట్టె, బీరు ఇంట్లోనే చేసుకోవాలనీ, టీ మీదా బజారు బీరు మీదా డబ్బు తగలేయడం మానాలనీ అతని వాదం. రాగి కాగు, నానబెట్టే తొట్టి, చల్లార్చే పళ్ళేలు, పీపాలు, ఏవేవి కావాలో, ఎంతవుతుందో లెక్క కట్టాడు. మాల్టు మీద పన్నును చీల్చి చెండాడాడు. అతని కోపం నాకిష్టం. లెక్క మాత్రం నాకు నచ్చలేదు. రాగి కాగు కొనగల కూలివాడు ఆనాటి దక్షిణ ఇంగ్లండులో ఎందరున్నారు? పైగా ఇది గృహిణి పని అంటాడు. పొద్దున్న నుంచి రాత్రిదాకా కాగు దగ్గర నిలబడే ఆ గృహిణి వేళకు విలువ కట్టడం అతనికి పట్టిన విషయం కాదు. పోయిన యుగాన్ని తిరిగి తేవాలనుకునే వారందరిలోనూ ఈ బలహీనత వుంది.

ఇక పన్ను సంగతి. 1880లో గ్లాడ్‌స్టన్ మాల్టు పన్ను ఎత్తేసి, తయారైన ద్రవపు చిక్కదనాన్ని హైడ్రామీటరుతో కొలిచి దానిమీద పన్ను వేశాడు. కంపెనీలు దేన్నుంచైనా బీరు కాచుకోవచ్చు. ఇంట్లో కాచుకునేవాడు మాత్రం లైసెన్సు తీసుకోవాలి. దేన్నుంచైనా కాచుకునే స్వేచ్ఛ ఎంతదూరం పోయిందో 1900లో మాంచెస్టరు ప్రాంతంలో తేలింది. బీరులో కలిపే చక్కెరను తయారుచేసే గంధకామ్లంలో పాషాణం వుంది. వేలమంది జబ్బుపడ్డారు, 70 మంది దాకా చనిపోయారు.

1880 అనగానే నాకు మరో సంవత్సరం గుర్తొస్తుంది. అంతకు ఒక్క ఏడాది ముందు, 1879 మార్చిలో, గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు మొదలైంది. దానికి కారణాలు అనేకం. మన్సబుదారు దోపిడీ, ముఠాదారుల హక్కుల హరణ, పోలీసుల జులుం, వడ్డీవ్యాపారుల డిక్రీలు. కాని కొండరెడ్లను, కోయలను రాజేసిన నిప్పు కల్లు పన్ను. జీలుగు చెట్టుకు కుండ కట్టి ఇంటికోసం కల్లు దించుకోవడం వారికి గాలి పీల్చుకున్నంత సహజం. మన్సబుదారు దానిమీద చిగురుపన్ను వసూలు చేశాడు. ఆపైన ప్రభుత్వం ఇంటి వాడకానికి కల్లు గీయడాన్నే నిషేధించి, హక్కును కాంట్రాక్టర్లకు గుత్తకిచ్చింది. లండనులో లైసెన్సు, రంపలో గుత్త. రెండూ ఒకే సామ్రాజ్యపు ఖజానా లెక్కలు. ఇంగ్లీషు రైతు లైసెన్సు కట్టి గొణుక్కున్నాడు. కొండరెడ్ల మీదికి సైన్యాన్ని పంపారు.

ఇంగ్లండులో ఆ లైసెన్సు 1963లో మాడ్లింగ్ బడ్జెటుతో పోయింది. కాగు ఇంటికి తిరిగొచ్చింది. వచ్చింది గాని డబ్బా రూపంలో వచ్చింది. మాల్టు పాకం డబ్బా, ఈస్టు పొట్లం, ప్లాస్టిక్ బకెట్టు. నీళ్ళు కలిపితే బీరు. దీనిమీద విసిగినవారే స్వయంగా చేసుకునే దారి తొక్కారు. డేవ్ లైన్ 1974లో ప్రచురించిన పుస్తకం వారికి పెద్దబాలశిక్ష అయింది. ప్లాస్టిక్ బకెట్టుకు రంధ్రం చేసి టీ కెటిల్ విద్యుత్ కడ్డీ బిగిస్తే చాలు, కాగు తయారు. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంటి వైనును అనుమతించి, ఇంటి బీరును వదిలేశారు. 1978లో కార్టర్ సంతకంతో ఆ తప్పు సరిదిద్దుకున్నారు. అక్కడివాళ్ళు విహారయాత్రకు మంచుపెట్టుకునే పెట్టెనే మాల్టు నానబెట్టే తొట్టి చేశారు. కంపెనీల స్టీలు పీపాల నెత్తి కోసి కాగులు చేశారు. పీపా మీద బజానా కట్టినంతమాత్రాన పీపా మనదవుతుందా అన్న ధర్మసందేహం అప్పుడే వచ్చింది. ఆ తరువాత కంపెనీలు ఆ పెట్టెలను, ఆ కాగులను చూసి అచ్చం అలాంటివే చేసి అమ్మడం మొదలుపెట్టాయి. మా తమ్ముడు కొన్నది ఆ వంశంలోదే.

ఇప్పుడు దూబగుంట. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు అక్షరదీపం వాచకాలు చదువుకొని దుకాణాలు మూయించింది దేనికి? వారి ఇళ్ళలో కాచినదాన్ని ఆపడానికి కాదు. వేలంపాట పాడుకున్న కాంట్రాక్టరు, ప్రభుత్వపు అండతో, కూలి డబ్బు చేతికందే వేళకు గడప దాకా తెచ్చిన సారా పాకెట్లను ఆపడానికి. అది కొన్న మత్తు, ఖజానాకోసం అమ్మిన మత్తు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో రెండోది సడలింది. ఆ మధ్యకాలంలో నాటుసారా బట్టీలు పెరిగి, వాటివల్ల కాపురాలు కూలినమాట నేను దాచను. బట్టీ చిన్నదైనంతమాత్రాన మంచిదికాదు. నిషేధకాలపు అమెరికాలో పాత కారు రేడియేటర్లను సారా దించే గొట్టాలుగా వాడి, వాటి అతుకుల్లోని సీసంతో ఎందరో చచ్చారు. డెవను కథే మళ్ళీ.

ఐనా ఒక మాట అడగక తప్పదు. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం వారసత్వంగా వచ్చిన మన ఎక్సైజు చట్టంలో సారా తీసే పాత్ర దగ్గర వుండటమే నేరం. ఇప్పపువ్వు వూరేసిన కోయ ముసలమ్మ కుండను పగలగొట్టి, ఊట పారబోసి కేసు రాస్తారు. ఆ సాయంత్రమే అదే శాఖ లైసెన్సు ఇచ్చిన దుకాణం నియాన్ దీపాలతో వెలుగుతుంది. రెండూ మత్తే. ఒకదానిమీద ఖజానాకు రాబడి వుంది.

మా తమ్ముడికి ఏం చెప్పానంటారా? ఏమీ చెప్పలేదు. వాడే ఒక మంచుపెట్టె కొని, కుళాయి బిగించి, తొట్టి చేసుకున్నాడు. మొదటిరోజే కుళాయి దగ్గర కారింది. రబ్బరు వాషరు మార్చాడు, ఆగింది. ఆ వుత్సాహంలో పాత యంత్రాన్ని బోర్లించి అడుగుమూత విప్పాడు. వేడిని కనిపెట్టే తీగ పళ్ళేనికి అంటకుండా గాలిలో వేలాడుతున్నది. దాన్ని పళ్ళేనికి ఆనించి బిగించాక యంత్రమూ, మంచులో పరీక్షించిన థర్మామీటరూ ఒకేమాట చెప్పాయి. ఆ అడుగుమూత మరమీద ఒక చిన్న చీటీ అంటించి వుందట, ఇది చింపితే గ్యారంటీ చెల్లదని.