కెమెరా నిలబడే చోటు: టీవీ జర్నలిజం బోధనకు క్షేత్రంగా కోస్గి

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం 1954లో మొదలైంది. తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం (మనూ) కూడా ఈ చదువును చేపట్టాయి. అయినా టీవీ జర్నలిజం అనగానే విద్యార్థి మనసులో మెదిలేది స్టూడియోనే. అందులో వింతేమీ లేదు. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివినప్పటి నుంచీ మనకు వార్త అంటే దాన్ని చదివే ముఖమే. టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో ఆయన వార్తలను గుర్తుపెట్టుకుని చెప్పేవారు. అది గొప్ప విద్యే, కానీ వార్త డెస్కుకు చేరిన తర్వాతి విద్య. దాన్ని డెస్కుకు పంపేది మండల కేంద్రంలోని స్ట్రింగర్. చాలాచోట్ల అతనికి జీతం ఉండదు, ప్రకటనలు తెస్తే వచ్చే కమీషనే ఆదాయం. షాట్ ఎక్కడినుంచి తీయాలో, బైట్ ఎవరిది తీసుకోవాలో మొదట నిర్ణయించేది అతనే. ఆ నిర్ణయమే టీవీ జర్నలిజంలో అసలు పనితనం. దాన్ని మండలంలోనే నేర్పాలన్నది ఈ వ్యాసం వాదన. అందుకు ఎంచుకున్న క్షేత్రం కోస్గి.

కోస్గి పాత పాలమూరు జిల్లాలో ఉండేది. 2019లో ఏర్పడిన నారాయణపేట జిల్లాలోకి వచ్చింది. శాసనసభకు మాత్రం కొడంగల్ నియోజకవర్గం. కొడంగల్ వికారాబాద్ జిల్లాలో ఉంది. ఎమ్మెల్యే ఒకరే, కలెక్టర్లు ఇద్దరు. భూమి గురించి అడగాలంటే ఏ కలెక్టరేట్ మెట్లెక్కాలో తెలియని విద్యార్థి మొదటిరోజే తెల్లమొహం వేస్తాడు. ఆ ఎమ్మెల్యే రేవంత్ రెడ్డి 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి కావడంతో ఎప్పుడోగానీ రాని లైవ్ వ్యాన్లు ఇటు తరచూ రావడం మొదలైంది. రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

2024 ఫిబ్రవరి 21న కోస్గిలో ముఖ్యమంత్రి రూ.4,369 కోట్ల పనులకు శంకుస్థాపనలు చేశారు. అందులో పెద్దది నారాయణపేట - కొడంగల్ ఎత్తిపోతల పథకం. ఇలాంటి సభల్లో కెమెరాల జాగా ముందే గీసి ఉంటుంది. వేదికకు ఎదురుగా కట్టిన స్టాండు మీద నిలబడితే అందరికీ ఒకటే ఫ్రేము. తెర మీద కోట్ల అంకె తిరుగుతూ ఉంటుంది. ఇక్కడ విద్యార్థికి నేర్పాల్సింది వేదికకు వీపు తిప్పి నిలబడటం. ఈ పథకం 2014 నాటి జీవో 69 పుట్టించినది. పదేళ్లు ఈ జీవో పేరుతోనే ఇక్కడి రైతులు ఆందోళన చేశారు. సభకొచ్చిన రైతుని పక్కకు పిలిచి, ‘కాలువ వస్తే మీ చేను ఏ వైపు పడుతుంది? మునిగేది ఎవరిది, తడిసేది ఎవరిది?’ అని అడిగితే రెండు నిమిషాల ప్యాకేజీకి సరిపడా సరుకు దొరుకుతుంది. ఆ అంకె స్క్రోలింగ్‌లో ఎలాగూ పోతుంది.

రెండోది అదే ఏడాది నవంబరు 11. అదే కొడంగల్ నియోజకవర్గంలో, వికారాబాద్ జిల్లా వైపున్న దుద్యాల మండలం లగచర్ల. ఫార్మా విలేజి భూసేకరణ మీద అభిప్రాయ సేకరణ సభను ఊరి బయట ఏర్పాటు చేశారు. రైతులు మాత్రం ఊళ్లోనే ఉండిపోయారు. అక్కడికి వచ్చి మాట్లాడమంటే కలెక్టర్ వెళ్లారు, దాడి జరిగింది. ఈసారి స్టాండు లేదు, ఎవరూ గీసిన జాగా లేదు. తెర మీదికి వచ్చినవి తొక్కిసలాటలో ఊగుతున్న కొన్ని క్షణాల దృశ్యాలు. వాటినే తిప్పి తిప్పి చూపారు. తరగతిలో ఈ దృశ్యాలు వేసి నేను అడిగే ప్రశ్న ఒకటే: క్లిప్ మొదలవడానికి ముందు ఏం జరిగింది? సభ ఊరి బయట ఎందుకు పెట్టారు, రైతులు ఎందుకు రాలేదు అన్నవి ఆ దృశ్యాల్లో లేవు. అక్కడి తండాల ఆడవాళ్లు తర్వాత ఢిల్లీ దాకా వెళ్లి జాతీయ మానవ హక్కుల సంఘం ముందు గోడు చెప్పుకున్నారు. ఆ నెలాఖరుకు ఫార్మా భూసేకరణ నోటిఫికేషన్‌ను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఈ రెండూ దాడి దృశ్యం కంటే పెద్ద వార్తలు. అయితే వాటికి కొట్టొచ్చినట్టు కనిపించే విజువల్ లేదు. విజువల్ లేని వార్తకు విజువల్ వెతకడమే ఈ చదువులో కష్టమైన పాఠం. మన సిలబస్‌లలో దానికి ఒక్క పీరియడ్ కూడా దక్కదు.

కెమెరా ఎక్కడ నిలబడాలో పల్లెలోనే నేర్పవచ్చనడానికి మనకు రుజువుంది. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ చూపిన ‘సైట్’ ప్రయోగానికి కార్యక్రమాలు తయారుచేసిన మూడు కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. దూరదర్శన్‌లో ఆ తరం నిర్మాతగా పనిచేసిన పి.వి.సతీష్ తర్వాత జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నడిపారు. అక్కడ చదువురాని దళిత మహిళా రైతులు 1990ల నుంచి వీడియో తీయడం నేర్చుకున్నారు. ఒకరు పైన, ఒకరు కింద ఉన్నట్టు చూపే షాట్‌ను వాళ్లు పటేల్ షాట్ అన్నారు. కూర్చున్న మనిషి కళ్లకు సమంగా పెట్టేది సంఘం షాట్. మనం ‘కెమెరా యాంగిల్స్’ అని బోర్డు మీద బొమ్మ గీసి మార్కులకు అడిగే విషయమే ఇది. వాళ్లకు మాత్రం అది ఎవరి ముందు ఎవరు నిలబడాలి, ఎవరు కూర్చోవాలి అన్న అనుభవం. నా దృష్టిలో తెలుగు నేలమీద పుట్టిన అతి విలువైన టీవీ పాఠం ఇదే. విశ్వవిద్యాలయాల్లో దీన్ని సముదాయ మాధ్యమాల (కమ్యూనిటీ మీడియా) పేపరులో ఒక పేరాకు కుదించారు.

కోస్గి పాఠానికి పస్తాపూర్ పద్ధతి అలాగే అతకదు. అక్కడ తీసేవాళ్లూ తీయించుకునేవాళ్లూ ఒకే ఊరివాళ్లు, ఇక్కడ విద్యార్థి బయటివాడు. కాబట్టి మొదటి వారం కెమెరా బయటికి తీయకూడదు. కోస్గి సంతలో, బస్టాండులో వినికిడి పని చేయాలి. ఇక్కడి తెలుగులో ఉర్దూ, కన్నడ కలిసిపోయి వినిపిస్తాయి, తండాల్లో లంబాడీ మాట్లాడతారు. రైతు చెప్పింది వాయిస్ ఓవర్‌లో పుస్తక భాషగా మారిపోతే మార్కులు తగ్గించాలి. రెండో వారం స్థానిక స్ట్రింగర్ వెంట తిరగాలి. ఆయనకు గురువుగా పారితోషికం ఇవ్వాలి. ఆయన వ్యాపారపు ఒత్తిళ్లు కూడా పాఠంలో భాగమే. మూడో వారం తీసిన ప్యాకేజీని ముందు అందులో మాట్లాడినవాళ్లకు చూపించి, వాళ్లు అభ్యంతరం చెప్పినచోట ఎందుకు మార్చారో, ఎందుకు మార్చలేదో విద్యార్థి రాసివ్వాలి.

ఇంతకంటే చిక్కైనది ఒకటుంది. లగచర్ల లాంటి చోట కేసులు ఉన్నప్పుడు విద్యార్థి తీసిన ముడి ఫుటేజీ ఎవరి మీదైనా సాక్ష్యం కావచ్చు. తండాలో నవ్వుతూ మాట్లాడిన మనిషి ముఖం రేపు గుర్తింపుకు పనికొస్తుంది. ముఖాలు ఎప్పుడు మసకబరచాలి, మెమరీ కార్డులు ఎన్నాళ్లు దాచాలి, పోలీసులు అడిగితే విద్యార్థి జవాబు చెప్పాలా, విభాగాధిపతి చెప్పాలా? ఇవన్నీ కాగితం మీద తేల్చి, విశ్వవిద్యాలయం సంతకం పెట్టిన తర్వాతే విద్యార్థులను కోస్గి బస్సు ఎక్కించాలి.