పాలకుర్తి ఐలమ్మగారి సేద్యము

పాలకుర్తి వాస్తవ్యురాలు చిట్యాల ఐలమ్మగారి చరిత్రమును సంగ్రహముగ విన్నవించుచున్నాము. లోకము వారిని వీరవనితగ నెరుగును. సేద్యము చేసి బిడ్డలను పెంచిన యిల్లాలిగ మేము మొదట స్మరించుచున్నాము.

నిజాము రాజ్యమున జనగామ తాలూకాలో రజకులు దొరల యిండ్ల బట్టలు కూలి లేక వెట్టికి ఉతుకవలసియుండెను. అట్టి కులమున పుట్టిన ఐలమ్మగారు భర్త నరసింహముగారితో కూడి మల్లంపల్లి దొరవద్ద 40 యెకరముల భూమిని కౌలునకు గైకొనిరి. రేవు పనికి తోడు నాట్లు, కలుపుతీత, కోత, నూర్పు వారి దినచర్యలయ్యెను. వెట్టి చేయవలసినవారు సొంతముగ పంట పండించుట విసునూరు దేశముఖునకు కంటగింపయ్యెను.

చేను కోతకు రాగా దేశముఖు మనుష్యులు పంట కొనిపోవ వచ్చిరి. ఐలమ్మగారు అప్పటికే ఆంధ్రమహాసభలో చేరియుండిరి. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి ప్రభృతులు అండగా నిలిచి, పంట కోయించి, ధాన్యమును ఆమె యింట చేర్చిరి. దొరను ఎదిరించియు బ్రదుకవచ్చునని పల్లెలకు తెలిసినది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిమ్మట ఆ కలహము సాయుధపోరాటముగ పెరిగెను.

ఆ పోరు ముగిసిన పిదపను దీర్ఘకాలము జీవించి, ఐలమ్మగారు 1985 సెప్టెంబరు 10న పరమపదించిరి. 2024లో ప్రభుత్వము హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు వారి నామమొసగుట మనకు సంతోషకరము.

అయినను ఒక్క మనవి. ఆ ధాన్యము మోసిన భుజములు పెక్కు కులములవి. ఐలమ్మగారు మనవారని చెప్పుకొనునపుడెల్ల ఆ ఋణమును గూడ తలచుకొందుము గాక.