అరువదియవ యేట కాలినడకన: మార్జరీ కెంప్ యాత్ర

వృద్ధాప్యమున తీర్థయాత్ర చేసిన క్రైస్తవ స్త్రీలలో మనము తరచుగా వినునది కాన్‌స్టంటైను చక్రవర్తి తల్లియైన హెలీనా పేరు. నాలుగవ శతాబ్దమున ఆమె ముదిమి వయస్సులో పరిశుద్ధ దేశమునకు వెళ్లెను. అయితే ఆమె రాజమాత. బండ్లు, సేవకులు, ధనము ఆమె వెంట నడచినవి. అవేవియు లేక, దొరికిన వారిని తోడు చేసికొని, అలసిన కాళ్లతో పరదేశపు బాటలు నడచిన ఒక సామాన్య వృద్ధురాలి సంగతి చదువరులకు తెలియజేయవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆమె పేరు మార్జరీ కెంప్. ఇంగ్లండులోని లిన్ పట్టణమున సుమారు 1373లో జన్మించెను. తండ్రి ఆ పట్టణమునకు అయిదుసార్లు మేయరు. ఆమె పదునలుగురు బిడ్డల తల్లి. బీరు కాచు వ్యాపారము పెట్టి నష్టపోయెను, పిండిమర పెట్టి నష్టపోయెను. ప్రార్థనలో పెద్దపెట్టున ఏడ్చుట ఆమె అలవాటు. అందుచేత గుడిలోనివారు కొందరు ఆమెను భక్తురాలనిరి, మరి కొందరు వేషధారియనిరి. నడివయస్సులోనే, అనగా 1413లో యెరూషలేమునకును, 1417లో స్పెయిను దేశములోని సాంతియాగోకును వెళ్లి వచ్చెను. ఆ యాత్రలను గూర్చి పండితులు చాల వ్రాసియున్నారు. నా మనస్సును పట్టుకొన్నది మాత్రము చివరి యాత్రయే.

ఆమె భర్త అరువది దాటిన పిదప మెట్లమీదనుండి పడి మంచము పట్టెను. ఏండ్ల తరబడి ఆమెయే అతనికి ఉపచారము చేసెను. సుమారు 1431లో భర్తయు, కుమారుడును మరణించిరి. కుమారుని భార్య డాన్‌జిగ్ ప్రాంతపు స్త్రీ. ఆ పట్టణము నేటి పోలండులోని గదాన్స్క్. 1433లో ఆ కోడలు తన స్వదేశమునకు ప్రయాణమైనప్పుడు మార్జరీ ఆమెను ఓడరేవు వరకు సాగనంపుటకు వెళ్లి, అక్కడ తానును ఓడ యెక్కెను. తన ఆత్మీయ గురువును సెలవు అడుగలేదు. రూతు గ్రంథమున కోడలు అత్తను వెంబడించెను గదా! ఇచ్చట అత్త కోడలిని వెంబడించెను. అది కోడలికి ఏమాత్రము ఇష్టము లేదని మార్జరీయే దాచకుండ చెప్పినది.

తుపాను ఓడను నార్వే తీరమునకు తరిమెను. ఈస్టరు పండుగ అక్కడనే జరిగెను. తరువాత డాన్‌జిగ్ చేరి అయిదారు వారములు ఉండి, జర్మనీలోని విల్స్‌నాక్ అను యాత్రాస్థలమునకు బయలుదేరెను. 1383లో కాలిపోయిన అక్కడి దేవాలయపు శిథిలములలో రక్తపు బొట్లుగల సంస్కారపు అప్పములు మూడు దొరికినవని ప్రచారము. దానిని జాన్ హుస్ ఖండించెను. అట్టి గుడులను పడగొట్టవలెనని లూథరు 1520లో వ్రాసెను. 1552లో ఒక ప్రొటెస్టెంటు పాదిరి ఆ అప్పములను కాల్చివేసెను. ఆ అద్భుతమును నేనును నమ్మను. అయినను నమ్మి నడచిన ఆ వృద్ధురాలి కాళ్లను తక్కువ చేయలేను.

ఆమెను తీసికొని వెళ్లెదనన్న మనుష్యుడు దొంగల భయముచేతను, యుద్ధ భయముచేతను వడివడిగా నడచెడివాడు. ఆమెకు అప్పటికి దాదాపు అరువది యేండ్లు. అతని అడుగుతో అడుగు వేయలేక రొప్పుచు, విడిచిపోవద్దని బతిమాలుచు వెంబడించెను. కొంత దూరము పోయిన పిమ్మట జబ్బుపడెను. అప్పుడు ఆ దేశపు స్త్రీలు, భాష తెలియకపోయినను ఆమె అవస్థ చూచి, ముసలిదానిని ఇట్లు నడిపించుట తప్పని ఆ మనుష్యుని చీవాట్లు పెట్టిరి. చివరకు గడ్డి తోలు బండిమీద ఆమె విల్స్‌నాక్ చేరెను. దైవభక్తిగల ప్రయాణమే గాని, అందులో తోటివారి నడక వేగమే ఆమెకు అన్నిటికంటె పెద్ద శ్రమయైనది! వయస్సు మళ్లినవారితో కలిసి దూరము నడచిన వారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

తరువాత ఆ మనుష్యుడు ఆమెను విడిచిపోయెను. ఆహెన్ పట్టణమునకు భిక్షమెత్తుచు పోవు బీదలతో ఆమె కలిసెను. వారు ఊరి బయట బట్టలు విప్పి పేలు చూచుకొనువారు. ఆమె సిగ్గుచేత ప్రక్కన కూర్చుండెను గాని, వారి పేలు ఆమెకును పట్టినవి. మేయరు కుమార్తె ఈ మాటను గ్రంథములో వ్రాయించుట ఎంత నిజాయితీ! ఆహెన్‌లో ఏడేండ్లకొకసారి చూపు పవిత్ర వస్త్రములను జూలై నెలలో చూచెను. లండనుకు చెందిన ధనికురాలైన ఒక విధవరాలు వెంటబెట్టుకొని పోయెదనని మాట యిచ్చి, చెప్పకుండ వెళ్లిపోయెను. మార్జరీ ఆయాసపడుచు పోయి ఆమెను కలిసికొనగా, కఠినముగా కాదనెను. తుదకు ఒక బీద సన్యాసి తోడు దొరికెను. రాత్రులు మానభంగ భయముచేత, బసచేసిన యింటి ఆడవారిని తనతో పడుకొనుమని వేడుకొనెడిది.

లోతైన ఇసుకలో దాహముతో నడచి కలే రేవు చేరగా, అచ్చట ఒక స్త్రీ ఆమెను ఇంటికి పిలిచి, ఒళ్లు కడిగి, క్రొత్త లోవస్త్రము తొడిగెను. లండను చేరునాటికి మార్జరీకి గోనెవంటి ముతక గుడ్డయే మిగిలెను. ఎరిగినవారు గుర్తుపట్టకుండ మొగమునకు గుడ్డ కప్పుకొని నడచెను. లిన్‌లో గురువు ఆమెను గట్టిగా గద్దించి, పిమ్మట ఆదరించెను.

ఆమెకు చదువను వ్రాయను రాదు. తన జీవిత కథలో ఈ యాత్రను గూర్చిన రెండవ భాగమును 1438లో ఒక గురువు ఆమె చెప్పుచుండగా వ్రాయుటకు ఆరంభించెను. ఆ పుస్తకము పూర్తి ప్రతి అయిదు వందల యేండ్ల వరకు కనబడలేదు. 1934లో ఒక పాత ఇంగ్లీషు కుటుంబమువారి యింట, పింగ్‌పాంగ్ ఆటసామాను కొరకు బీరువా వెదకుచుండగా అది బయటపడినదని చెప్పుదురు. ఇప్పుడు ఆ వ్రాతప్రతి లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది.